సంగం నీటి చుక్క నుంచి రొయ్యల చెరువు దాకా.. కంటికి కనిపించని దొంగను మైక్రోస్కోప్ ఎలా పట్టిస్తుంది?

చెరువులో రొయ్య ఎదగడం లేదు. వరి ఆకు మీద మచ్చలు వచ్చాయి. ఇంట్లో ఒకరికి చలిజ్వరం. ఈ మూడింట్లో ఏది వచ్చినా మనం ముందు అడిగేది ఒకటే.. "ఏం మందు వాడాలి?" కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. "ఇది చేసింది ఎవరు?" ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరక్కుండా వాడిన మందు చాలాసార్లు డబ్బు దండగే. కొన్నిసార్లు ప్రాణం మీదకు కూడా వస్తుంది.

ఆ జవాబు చెప్పే పరికరం నెల్లూరు తీరంలో ఇప్పుడు చాలా ఆక్వా ల్యాబుల్లో కనిపిస్తుంది. అదే మైక్రోస్కోప్. పుస్తకాల్లో సూక్ష్మదర్శిని అంటాం. అది ఏం చూపిస్తుంది? ఏం చూపించలేదు? సంగం దగ్గర పెన్నా నీటితో మొదలుపెట్టి సముద్రం దాకా వెళ్లి చూద్దాం.

సంగం నీళ్లలో ఏముంటాయ్?

సంగం.. పేరులోనే ఉంది, వాగులు వచ్చి పెన్నాలో కలిసే చోటు. బ్రిటిష్ వాళ్ల కాలంలో 19వ శతాబ్దంలో ఇక్కడ ఆనకట్ట కట్టారు. దాని స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబర్ 6న ప్రారంభమైంది. దానికి మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు పెట్టారు. ఇక్కడి నుంచి కాలువల్లో పారే నీళ్లే నెల్లూరు డెల్టా పొలాలకు ఆధారం.

ఆ నీళ్లు ఒక గ్లాసులో పట్టి చూస్తే కాస్త మట్టి రంగు తప్ప ఏమీ కనిపించదు. అదే నీళ్లు ఒక్క చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోప్ కింద పెడితే సీన్ మారిపోతుంది. చెప్పు అడుగు ఆకారంలో ఉండి గిరగిరా తిరిగే పారమీషియం, తల మీద చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించే రోటిఫర్లు, ఆకుపచ్చ పూసల దండల్లాంటి నాచు పోగులు.. ఇలాంటివన్నీ ఏ నది నీటిలోనైనా, చెరువు నీటిలోనైనా మామూలుగా ఉండేవే.

వాటిలో డయాటమ్స్ అనే రకం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇవి ఒకే కణం ఉన్న నాచు జాతి జీవులు. వీటి పైపెంకు సిలికాతో తయారవుతుంది. అంటే దాదాపు గాజు పెట్టెలో బతుకుతాయన్నమాట. ఒక్కో జాతి పెంకు మీద ఒక్కో రకం గీతలు, చుక్కలు ఉంటాయి. మురుగు కలిసిన నీళ్లలో కొన్ని జాతులు ఎక్కువగా పెరుగుతాయి, మంచి నీళ్లలో ఇంకొన్ని. అందుకే నీటిలో ఏ డయాటమ్స్ ఉన్నాయో లెక్కపెట్టి ఆ నీరు ఎలాంటిదో శాస్త్రవేత్తలు అంచనా వేస్తారు.

క్రైమ్ వార్తల్లో కూడా వీటి పాత్ర ఉంది. నీళ్లలో శవం దొరికితే, మునిగి చనిపోయారా, లేక చంపి నీళ్లలో పడేశారా అన్న అనుమానం వస్తుంది. ప్రాణం ఉండగా నీళ్లు మింగి, పీలిస్తే డయాటమ్స్ రక్తంలో కలిసి ఎముక మజ్జ దాకా చేరే అవకాశం ఉంది. ఫోరెన్సిక్ ల్యాబుల్లో మజ్జలో వాటి పెంకుల కోసం మైక్రోస్కోప్ కింద వెతుకుతారు. ఇదొక్కటే తుది రుజువు అనరు కానీ, మిగతా ఆధారాలతో కలిపి చూస్తారు.

మైక్రోస్కోప్ ఎలా పనిచేస్తుంది?

సూత్రం తేలికే. గాజు పలకకు దగ్గరగా ఉండే కటకం వస్తువును ఒకసారి పెద్దది చేస్తుంది. కన్ను పెట్టే చోట ఉండే కటకం దాన్ని ఇంకోసారి పెద్దది చేస్తుంది. కింద కటకం 40 రెట్లు, పై కటకం 10 రెట్లు అయితే మొత్తం 400 రెట్లు. ల్యాబుల్లో ఉండే మామూలు మైక్రోస్కోప్ 1000 రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది. ఆ చివరి కటకానికి, గాజు పలకకు మధ్య ఒక చుక్క ప్రత్యేకమైన నూనె వేస్తారు.

ఇక్కడ కొలత మైక్రాన్. మిల్లీమీటర్‌ను వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం 7 మైక్రాన్లు. చాలా బ్యాక్టీరియాలు ఒకటి, రెండు మైక్రాన్లు.

మరి ఇంకా ఇంకా పెద్దది చేసుకుంటూ పోతే అన్నీ కనిపిస్తాయా? లేదు. ఫోన్‌లో ఫొటోను జూమ్ చేస్తూ పోతే ఒక దశ తర్వాత బొమ్మ పెద్దదవుతుంది కానీ కొత్తగా ఏమీ కనిపించదు, మసకబారుతుంది కదా.. ఇదీ అంతే. వెలుతురుతో పనిచేసే మైక్రోస్కోప్‌కు సుమారు 0.2 మైక్రాన్ దగ్గర హద్దు వస్తుంది. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు దానికి ఒకే చుక్కలా కనిపిస్తాయి. ఈ హద్దు గుర్తుపెట్టుకోండి. రొయ్యల విషయంలో ఇదే కీలకం.

మిరియాల ఘాటుతో బయటపడిన లోకం

ఈ కంటికి కనిపించని లోకాన్ని ముందుగా చూసిన వాళ్లలో ఒకాయన గుడ్డల వ్యాపారి. పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఆయన ఊరు. తన చేత్తో అరగదీసిన చిన్న గాజు కటకాలతో 1674లో చెరువు నీళ్లలో కదిలే జీవుల్ని చూశారు. మిరియాలు ఎందుకు అంత ఘాటుగా ఉంటాయో తెలుసుకుందామని వాటిని నీళ్లలో నానబెట్టి, 1676లో ఆ నీటిని పరిశీలించారు. ఘాటు రహస్యం దొరకలేదు కానీ బ్యాక్టీరియా కనిపించింది. అంతకుముందే 1665లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చిన్న చిన్న గదుల్ని చూసి వాటికి 'సెల్' అని పేరు పెట్టారు. మనం 'కణం' అంటున్నది దాన్నే.

వరి ఆకు మీద మచ్చ.. దొంగ ఎవరు?

ఇప్పుడు సంగం కాలువ వెంట పొలాల్లోకి వద్దాం. చలికాలంలో మంచు పడి, రాత్రిళ్లు చల్లబడితే వరి రైతుకు గుబులు మొదలవుతుంది. ఆకు మీద మచ్చ వస్తే అది అగ్గి తెగులా, గోధుమ మచ్చ తెగులా? ఆకు చివరి నుంచి ఎండుకుంటూ వస్తే బ్యాక్టీరియా ఎండాకు తెగులా, లేక ఇంకేదైనా లోపమా? మొదటి రోజుల్లో చూసి చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా కష్టమే.

మైక్రోస్కోప్ కింద మాత్రం తేడా బాగా తెలుస్తుంది. అగ్గి తెగులు తెచ్చేది శిలీంధ్రం. దాని బీజాలు బేరిపండు ఆకారంలో, లోపల రెండు అడ్డుగోడలతో మూడు గదులుగా కనిపిస్తాయి. ఒక్కోటి సుమారు 20 మైక్రాన్లు. గోధుమ మచ్చ తెగులు తెచ్చే శిలీంధ్రం బీజాలు ఇంకా పొడవుగా, కాస్త వంగి, ఎక్కువ గదులతో ఉంటాయి.

ఎండాకు తెగులుకైతే ఇంకా తేలికైన పరీక్ష ఉంది. తెగులు సోకిన చోట ఆకును చిన్న ముక్కగా కోసి, నీటి చుక్కలో పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కోసిన అంచు నుంచి పొగ వదిలినట్టుగా బ్యాక్టీరియా ధారగా బయటికి వస్తుంది. ఆ ధార కనిపిస్తే బ్యాక్టీరియా పనేనని చెప్పొచ్చు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యం? శిలీంధ్రాన్ని చంపే మందు బ్యాక్టీరియా మీద పనిచేయదు. ఎండాకు తెగులు వచ్చిన పొలంలో అగ్గి తెగులు మందు కొడితే ఖర్చు అవుతుంది, తెగులు ఆగదు. ఆకు పాలిపోయిందని యూరియా ఇంకాస్త వేస్తే రెండు తెగుళ్లూ పెరిగేదే. నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన నెల్లూరు మసూరి అనే ఎన్‌ఎల్‌ఆర్ 34449 రకానికి అగ్గి తెగులును తట్టుకుంటుందని పేరు. అలాంటి రకాలు తయారు చేయాలన్నా, ముందు శత్రువెవరో తేల్చుకోవాల్సిందే.

రొయ్యల చెరువు: ఒకే లక్షణం, నలుగురు అనుమానితులు

పెన్నా విడవలూరు మండలం ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ చుట్టుపక్కల తీరమంతా రొయ్యల చెరువులే. 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో ఇక్కడ డబ్బు వరదలా వచ్చింది. 1994-95 నాటికి వైట్ స్పాట్ వైరస్ వచ్చి ఆంధ్ర తీరంలో చెరువులకు చెరువుల్నే ఖాళీ చేసింది. 2009లో కేంద్రం అనుమతి ఇచ్చాక అమెరికా ఖండాల పసిఫిక్ తీరానికి చెందిన వనామీ రొయ్య వచ్చింది. కొన్నేళ్లకే ఈహెచ్‌పీ అనే కొత్త తలనొప్పి కూడా వచ్చిపడింది.

రైతుకు కనిపించేవి కొన్ని లక్షణాలే. మేత తినడం తగ్గింది. రొయ్య మెత్తబడింది. చెరువు మీద తెల్లటి రెట్ట దారాల్లా తేలుతోంది. కౌంట్ రావడం లేదు. వీటి వెనక ఉన్నది బ్యాక్టీరియానా, వైరసా, ఈహెచ్‌పీనా, లేక నీళ్లు, నేల చెడిపోవడమా?

ల్యాబులో ఏం చేస్తారంటే.. బతికున్న రొయ్య నుంచి రైతులు 'లివర్' అని పిలిచే జీర్ణగ్రంథి ముక్క తీసి గాజు పలక మీద నొక్కి చూస్తారు. ఆరోగ్యంగా ఉంటే దాని గొట్టాల నిండా మెరిసే నూనె బిందువులు కనిపిస్తాయి. గొట్టాలు ముడుచుకుపోయి, నూనె బిందువులు తగ్గిపోతే రొయ్య లోపల ఏదో జరుగుతోందని అర్థం. తర్వాత మొప్పలు చూస్తారు. అక్కడ కొమ్మల మీద గంటలు వేలాడుతున్నట్టు జూథామ్నియం కనిపిస్తే, చెరువులో కుళ్లిన మేత, మలినం పేరుకుపోయిందన్న సూచన. అప్పుడు సరిచేయాల్సింది నేలను, నీటిని. తర్వాత చెరువు నీటిని చూస్తారు. డయాటమ్స్ ఎక్కువగా ఉన్నాయా, నీలి ఆకుపచ్చ నాచు కమ్మేసిందా అన్నది తేలుతుంది.

ఇదంతా అరగంటలోపు అయ్యే పని. ఇది చూడకుండానే "బ్యాక్టీరియా అయ్యుంటుంది" అని యాంటీబయాటిక్ వాడితే నష్టం రెండింతలు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి మందులు మన దేశంలో రొయ్యల సాగులో నిషేధం. వాటి ఆనవాళ్లు సరుకులో దొరికితే విదేశాల్లో కంటెయినర్ వెనక్కి పంపేస్తారు. అప్పుడు దెబ్బ ఒక్క రైతుకు కాదు, తీరం మొత్తానికి.

పురుగు అనుకున్నది.. అసలు పురుగే కాదు!

కంటితో చూస్తే చాలు, అంతా తెలిసిపోతుందా? ఇక్కడే అసలు ట్విస్ట్.

తెల్ల రెట్ట వచ్చిన రొయ్యల జీర్ణగ్రంథిని మైక్రోస్కోప్ కింద చూస్తే సన్నగా, పొడవుగా, పురుగుల్లాంటి ఆకారాలు కనిపించేవి. పేగుల్లో ఉండే గ్రెగరైన్ అనే పరాన్నజీవుల్లాగే ఉండటంతో చాలామంది వాటిని అవేననుకున్నారు. దాంతో పురుగు మందులు మేతలో కలిపి పెట్టడం మొదలైంది. తెల్ల రెట్ట మాత్రం చాలా చెరువుల్లో తగ్గలేదు.

థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు ఈ ఆకారాలను పలుచని పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కూడా పెట్టి చూశారు. 2014లో ఫలితం ప్రచురించారు. ఆ 'పురుగుల్లో' కణాలు లేవు. కేంద్రకం లేదు. అంటే అవి జీవులే కావు. రొయ్య జీర్ణగ్రంథి కణాల అంచున కుచ్చులా ఉండే సన్నని పోగులు ఊడిపోయి, ఒకదానికొకటి చుట్టుకుని, పురుగు ఆకారంలో ముద్ద కట్టాయి. రొయ్య తన శరీరంలోని పొరనే కోల్పోతోందన్నమాట. లేని పురుగుకు మందు వేస్తే తగ్గేదెలా?

ఈ ఉదాహరణ మనకు రెండు విషయాలు చెబుతుంది. మైక్రోస్కోప్ కింద కనిపించిందల్లా మనం అనుకున్నదే కానక్కర్లేదు. ఆ పొరపాటును సరిచేసింది కూడా ఇంకాస్త మెరుగైన మైక్రోస్కోపే.

కనిపించీ కనిపించని ఈహెచ్‌పీ

ఈహెచ్‌పీ శిలీంధ్రాలకు దగ్గరి చుట్టం లాంటి పరాన్నజీవి. వైట్ స్పాట్‌లా రాత్రికి రాత్రి చెరువును చంపదు. జీర్ణగ్రంథి కణాల్లో చేరి అక్కడే పెరుగుతుంది. రొయ్య మేత తింటూనే ఉంటుంది, ఎదగదు. ఒకే చెరువులో చిన్నా పెద్దా కలిసిపోతాయి. మేత బిల్లు పెరుగుతుంది, కౌంట్ మాత్రం కదలదు.

దీని బీజం పొడవు ఒక్క మైక్రాన్ కంటే కాస్త ఎక్కువ. వెంట్రుక మందంలో సుమారు 60 బీజాలు వరుసగా పట్టేస్తాయి. రంగు వేసి, 1000 రెట్ల దగ్గర చూస్తే అనుభవం ఉన్నవాళ్లకు దొరకొచ్చు. కానీ బ్యాక్టీరియా, ఇతర చెత్త కూడా అదే సైజులో ఉంటాయి. పైగా ఇన్ఫెక్షన్ మొదట్లో బీజాలు తక్కువ. అందుకే పీసీఆర్ పరీక్షతో దాని డీఎన్‌ఏ ఉందో లేదో తేలుస్తారు.

వైట్ స్పాట్ వైరస్ సంగతి ఇంకా కష్టం. దాని పొడవు మైక్రాన్‌లో మూడో వంతు, మందం ఇంకా తక్కువ. అంటే మామూలు మైక్రోస్కోప్ హద్దు దగ్గరే ఆగిపోతుంది. అలాంటివాటి రూపం చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లతో చూసే ఈ యంత్రాన్ని 1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ తయారు చేశారు. కరోనా వైరస్ బొమ్మ మనందరం చూడగలిగింది దీనివల్లే.

ఈ రెండు జబ్బులకూ చెరువులో వేసి నయం చేసే మందు లేదు. ఆ సంగతి ముందే తెలిస్తే రైతుకు మందుల ఖర్చు మిగులుతుంది. చేయాల్సింది ముందు జాగ్రత్తే. సీడ్ వదిలే ముందే పీసీఆర్ చేయించడం, పంట తీశాక చెరువు బాగా ఎండబెట్టడం. ఈహెచ్‌పీ వచ్చిన చెరువులో నేలను దున్ని, పొడి సున్నం వేసి తడిపి, పీహెచ్ 12 దాకా తేవాలని నిపుణులు చెబుతారు.

సికింద్రాబాద్‌లో దొరికిన దోమ రహస్యం

'ముందు దొంగను గుర్తుపట్టు, తర్వాతే మందు' అన్న ఈ పద్ధతికి ప్రపంచ ప్రసిద్ధ ఉదాహరణ మన తెలుగు నేల మీదే ఉంది.

మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని శతాబ్దాల పాటు నమ్మారు. 1880లో అల్జీరియాలో ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోప్‌తో చూశారు. మరి అది మనిషి నుంచి మనిషికి ఎలా వెళ్తోంది? దోమ మీద అనుమానం ఉంది, రుజువు లేదు.

సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైనిక వైద్యుడిగా ఉన్న రొనాల్డ్ రాస్ ఆ రుజువు కోసం దోమల్ని కోసి చూడటం మొదలుపెట్టారు. ఒకటీ రెండూ కాదు, వందల దోమలు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. కన్ను పెట్టే అద్దం పగిలింది. దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేసుకోలేదు. అయినా ఏమీ దొరకలేదు. కారణం ఏంటంటే.. ఆయన ఎక్కువగా చూసింది మలేరియాను మోయని రకం దోమల్నే!

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న కొత్త రకం దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించారు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. ఆగస్టు 20న అందులో ఒక దోమను కోస్తే, కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటి లోపల నల్లటి రంగు రేణువులు. అవి రోగుల రక్తంలోని మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువుల్లాంటివే. ఆ పోలికే దొంగను పట్టించింది.

మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమ లాలాజల గ్రంథుల దాకా పరాన్నజీవి ఎలా వెళ్తుందో రాస్ తేల్చారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నది ఇందుకే. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఈ రోజుకీ జ్వరం వస్తే పీహెచ్‌సీలో వేలికి సూది గుచ్చి రక్తపూత తీసేది అందుకే. మలేరియా అని తెలిస్తే చాలదు. వైవాక్సా, ఫాల్సిపేరమా అన్నది తేలాలి. రెండింటికీ మందులు వేరు. ఫాల్సిపేరం అయితే ఆలస్యం ప్రాణాంతకం. బోదకాలు సర్వేకు రాత్రిపూట వచ్చి రక్తం తీయడానికి కూడా కారణం ఉంది. దాని పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల వైపు దాక్కుని, రాత్రి పైరక్తంలోకి వస్తాయి. పగలు చూస్తే స్లైడ్ ఖాళీ!

మీ ఫోన్‌తో కూడా చూడొచ్చు

ఇదంతా ల్యాబ్ వాళ్ల వ్యవహారమే అనుకోవద్దు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాశ్ బృందం 2014లో కాగితం మడతలతో తయారయ్యే ఫోల్డ్‌స్కోప్‌ను పరిచయం చేసింది. తయారీ ఖర్చు ఒక డాలర్ లోపే ఉండేలా డిజైన్ చేశారు. స్కూల్ మైక్రోస్కోప్ ఉంటే, కన్ను పెట్టే చోట ఫోన్ కెమెరా ఆనించి వీడియో తీయొచ్చు. సంగం కాలువ నీళ్లయినా, మీ ఊరి చెరువు నీళ్లయినా ఒక చుక్క చాలు. పిల్లలకు చూపించండి.

రైతులైతే ల్యాబుకు వెళ్లేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి..

* చనిపోయిన రొయ్య తీసుకెళ్లొద్దు. గంటల్లోనే కుళ్లు బ్యాక్టీరియా చేరి అసలు కారణం మరుగున పడుతుంది. బతికున్నవి, నీరసంగా ఉన్నవి, బాగున్నవి కలిపి తీసుకెళ్లండి.
* అదే చెరువు నీళ్లు వేరే సీసాలో పట్టండి.
* స్లైడ్ మీరు కూడా చూడండి, ఫోన్‌లో వీడియో తీయమని అడగండి. తర్వాత ఇంకొకరి సలహా తీసుకోవడానికి పనికొస్తుంది.
* మైక్రోస్కోప్‌లో ఏమీ కనిపించలేదంటే జబ్బు లేదని కాదు. వైరస్, ఈహెచ్‌పీ అనుమానం ఉంటే పీసీఆర్ చేయించాల్సిందే.
* కారణం పేరు చెప్పకుండా మందు పేరు మాత్రమే చెబితే, "ఏం చూసి చెప్పారు?" అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి పైసా ఖర్చు కాదు.